తిన్నావా అని అడిగే గూఢచారి

మా మామ గుంతకల్లులో రైల్వే ఉద్యోగి. 1979 ఎండాకాలం సెలవుల్లో కర్నూలుకు వస్తూ ఒక గోనెసంచి మోసుకొచ్చాడు. మామిడిపండ్లేమో అనుకుని నేనూ అక్కా ఎగబడ్డాం. మూతి విప్పితే పుస్తకాలు. రైల్వే క్వార్టర్సులో ఆయన ఇంటికి రెండిళ్ళవతల ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేదట. వాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ మంచాలు, బీరువాలు, కుక్కపిల్లతో సహా అన్నీ అప్పగింతలు పెట్టాక, మిగిలిన కాగితం సరుకంతా పాత పేపర్లవాడికి తూకానికి వేయబోతుంటే, "మా అక్క పిల్లలకు ఇంగ్లీషు వస్తుంది, ఇయ్యండి" అని మామ అడిగి తెచ్చాడు. మాకు ఇంగ్లీషు వస్తుందని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు.

సంచిలో స్వెట్టర్లల్లే పుస్తకం ఒకటి, కేకులు చేసే పుస్తకం ఒకటి, అట్టలు లేని బడిపుస్తకాలు కొన్ని. వాటికింద ఏడు సన్నటి నవలలు. అన్నిటి మీదా ఒకటే పేరు: ది మ్యాన్ ఫ్రమ్ అంకుల్. అక్క గట్టిగా చదివి పడీపడీ నవ్వింది. "మామ తెచ్చిన పుస్తకం పేరు కూడా మామేరా!"

ఆ నవ్వుకు నాయన లోపలినుంచి వచ్చాడు. ఒక్కొక్క పుస్తకమే తిరగేశాడు. ఏడింటి పేర్లూ 'అఫైర్' అనే మాటతోనే ముగుస్తున్నాయి. ఏదో ఒక అఫైర్, ఇంకేదో అఫైర్, మరొక అఫైర్. ఆయన మొహం ఎర్రబడింది. "ఏమప్పా, ఆడపిల్ల ఉన్న ఇంట్లోకి తెచ్చేవేనా ఇవి?" అన్నాడు మామతో. మామ పుస్తకం తెరిచి చూసిన మనిషి కాదు, అయినా రైల్వేలో పనిచేసినవాడు. "అఫైర్ అంటే వ్యవహారం బావా. ఆఫీసు వ్యవహారం ఉంటుంది చూడు, అట్లాంటిది" అన్నాడు. నాయన నమ్మలేదు. ఏడూ అటకెక్కాయి.

అటకనుంచి దింపడం అక్కకు ఒక మధ్యాహ్నం పని. దించడమే కాదు, వాటికి సోవియట్ భూమి పత్రిక కాగితాలతో అట్టలు కూడా వేసింది. ఆ రోజుల్లో బడిపిల్లల పుస్తకాలన్నిటికీ సోవియట్ భూమి అట్టలే కదా. నున్నగా, దళసరిగా ఉండే ఆ కాగితం మీద ట్రాక్టర్లూ గోధుమచేలూ నవ్వే అమ్మాయిలూ. నాయన ఆ అట్టలు చూసి చదువుకుంటోందనే అనుకున్నాడు. అమెరికా గూఢచారి కథలకు సోవియట్ అట్ట వేయడంలో ఉన్న తమాషా మాకు అప్పుడు తట్టలేదు. అసలు ఆ కథల్లో నాయకులు ఇద్దరు: ఒకడు అమెరికావాడు నెపోలియన్ సోలో, ఇంకొకడు రష్యావాడు ఇల్యా కుర్యాకిన్. ఆ అట్ట ఆ కథకు సరిగ్గా సగం సరిపోయింది.

ఇవి టీవీ కథలని అట్ట మీద రాసే ఉంది. కానీ మేము టీవీ చూసి ఉండలేదు. హైదరాబాదులో దూరదర్శన్ మొదలై అప్పటికి రెండేళ్ళే. కర్నూలులో మాకు తెలిసిన తెర ఒకటే, సినిమా తెర. ఎన్‌బీసీ అనే అమెరికా చానల్లో 1964 సెప్టెంబరు నుంచి 1968 జనవరి దాకా 105 భాగాలు వచ్చాయనీ, మొదటి ఏడాదంతా నలుపు తెలుపులోనే చూపించారనీ నాకు తెలిసింది ముప్ఫై ఏళ్ళ తర్వాత. 1962లో క్యూబా దగ్గర అణుబాంబుల పంతం పట్టి ప్రపంచాన్ని వణికించిన రెండు దేశాలవాళ్ళను, రెండేళ్ళు తిరక్కుండానే ఒక ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టిన కథ అది. రష్యావాడిది మొదట పక్క వేషమే, తొలి భాగంలో వచ్చీ రాని మాటలే. చూసేవాళ్ళు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి వాణ్ణి సోలోతో సమానం చేసుకున్నారు.

ఇవేవీ తెలియకపోయినా మాకు లోటు జరగలేదు. మాకు అక్క ఉంది.

నాకు పన్నెండేళ్ళు, అక్కకు పదహారు. నేను తెలుగు మీడియం ఏడో తరగతి. అక్క ఇంటర్మీడియట్‌లో చేరబోతోంది, ఇంట్లో ఉన్న ఒకే ఒక డిక్షనరీ మీద సర్వాధికారాలూ ఆమెవే. సాయంత్రం మిద్దె మీద నీళ్ళు చల్లి, చాప పరిచి, నన్నూ పక్కింటి పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టేది. ఒక పేజీ మౌనంగా చదువుకునేది, తర్వాత పుస్తకం బోర్లించి తెలుగులో చెప్పేది. మధ్యలో ఎవరైనా ప్రశ్న వేస్తే, "గమ్మునుండు, వస్తాది ముందర" అనేది. మా ఇల్లు పాత ఊళ్ళో హంద్రీకి దగ్గర. ఏటి గాలి వస్తే పేజీ ఎగిరిపోకుండా చెప్పు పెట్టేది దానిమీద. సరస్వతి మీద చెప్పేమిటని అమ్మ కింద నుంచి అరిస్తే, "ఇది సరస్వతి కాదు, అంకుల్" అనేది.

అంకుల్ అంటే సోలో, ఇల్యా పనిచేసే గూఢచారి సంస్థ. వాళ్ళ ఆఫీసు న్యూయార్కులో ఒక దర్జీ అంగడి వెనకాల ఉంటుంది. ఆ అంగడి పేరు డెల్ ఫ్లోరియా. ఏజెంటు లోపలికి వచ్చి, బట్టలు మార్చుకునే గదిలోకి పోయి, పరదా లాగి, గోడకున్న కోటు కొక్కెం తిప్పుతాడు. దర్జీ బయట ఇస్త్రీ యంత్రం నొక్కుతాడు. గోడ తెరుచుకుంటుంది. లోపలికి పోతే ఒక అమ్మాయి మూడు మూలల బిళ్ళ ఇస్తుంది. సోలోది 11, ఇల్యాది 2. ఆ బిళ్ళ లేకుండా అడుగు పెడితే గంటలు మోగుతాయి.

పెద్ద మార్కెట్ దగ్గర మాకు బట్టలు కుట్టే దర్జీ ఒకాయన ఉండేవాడు. ముసలాయన, మెడలో టేపు, చెవిలో సున్నపుబలపం. దసరాకు నా నిక్కరు కొలతలు ఇవ్వడానికి పోయినప్పుడు అక్క తోడొచ్చింది. అంగడి మూల పాత చీర కట్టిన చిన్న చాటు ఉంది. దాని వెనక గోడకు మూడు కొక్కేలు. ఆయన నా నడుము కొలుస్తుండగా అక్క ఆ చాటులోకి పోయింది. ఒక కొక్కెం తిప్పింది. ఏం కాలేదు. రెండోది తిప్పింది. ఏం కాలేదు. మూడోది పెచ్చుతో సహా ఊడొచ్చింది; దానికి తగిలించిన ఏడెనిమిది షేర్వానీలు, వాటితోపాటు పరదా కట్టిన కర్ర, అన్నీ దబదబా అక్క మీద పడ్డాయి. ఎవరి పెళ్ళికి కుట్టినవో! "ఏం వెతుకుతున్నావు బేటీ?" అని ఆయన నెమ్మదిగా అడిగాడు. అక్క షేర్వానీల కిందనుంచే, "ఏంలేదు చాచా, కొక్కెం గట్టిగా ఉండాదా లేదా అని" అంది. ఆ మాటకు ఆయన కోపం కూడా నవ్వయింది. ఆ తర్వాత ఎప్పుడు పోయినా, "కొక్కెం మార్చినా, చూస్తావా?" అనేవాడు.

అద్దె పుస్తకాల అంగళ్ళూ ఉండేవి, రోజుకు పావలా. మధుబాబు షాడోను, కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌నూ మేము అక్కడే పరిచయం చేసుకున్నాం. వాళ్ళ గురించి మళ్ళీ ఎప్పుడైనా రాస్తాను, అది వేరే కథ, పెద్ద కథ. ఇక్కడ చెప్పాల్సింది ఒకటే. అద్దె నవలకు చివరి పేజీలు ఉండవు, అది లోకధర్మం. మాకంటే ముందు చదివిన మహానుభావుడెవరో మొదటి పేజీలోనే 'హంతకుడు మేనేజరు' అని రాసిపెడతాడు కాబట్టి సరిపోతుంది. కానీ మామ తెచ్చిన ఏడింట్లోనూ ఒకదానికి చివరి పదహారు పేజీలు లేవు. దాని పేరు డాగర్ అఫైర్. రాసినాయన డేవిడ్ మెక్‌డేనియల్.

మాకు ప్రాణం ఆ పుస్తకమే. అందులో అంకుల్ వాళ్ళూ, వాళ్ళ ఆజన్మ శత్రువులు థ్రష్ వాళ్ళూ చేతులు కలపాల్సి వస్తుంది. ఎందుకంటే ఇద్దరికీ పట్టనివాడు మూడోవాడొకడు, శక్తి అన్నదాన్నే అణిచేసే యంత్రంతో బయల్దేరుతాడు. లోకమే లేకపోతే ఏలుకోవడానికి థ్రష్‌కైనా ఏముంటుంది? కథ సరిగ్గా ఉడుకుపట్టిన చోట కుట్టు తెగి ఉంది. పదహారు పేజీల ఫారం మొత్తం పోయింది.

మేము రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు అక్క ఒక నోటుబుక్కు తీసింది. ఆమె రాసిన ముగింపు నాకు ఇప్పటికీ బాగా గుర్తు. ఆ యంత్రాన్ని తెచ్చి కర్నూల్లో కొండారెడ్డి బురుజులో దాస్తారు. కర్నూల్లోనే ఎందుకంటే, ఇక్కడ కరెంటు ఎట్లాగూ ఉండదు కాబట్టి యంత్రం పనిచేస్తోందో లేదో ఎవరికీ అనుమానం రాదు. సోలో, ఇల్యా బురుజులో చిక్కుకుంటారు. బురుజు కిందినుంచి తుంగభద్ర అడుగుగా సొరంగం ఉందనీ, కొండారెడ్డి దాంట్లోంచే ఏరు దాటి అలంపురం వైపు తప్పించుకున్నాడనీ మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ ఉగ్గుపాలతో పోస్తారు. సోలో అదే దారిన పడతాడు. ఇల్యా కాలికి దెబ్బ. సోలో వాణ్ణి వీపున వేసుకుని, నడుముల్లోతు నీళ్ళలో, చీకట్లో, పెన్ను రేడియో తీసి "ఓపెన్ ఛానెల్ డి" అంటాడు. యంత్రం వల్ల రేడియో మోగదు. పొద్దుపొడుపు వేళకు అలంపురంలో గుడుల దగ్గర తేలతారు. అక్కడ ఒక ముసలమ్మ ఇద్దరికీ జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం పెడుతుంది. యంత్రం ఏమైందో అక్క రాయలేదు. అడిగితే, "తిన్న్యాక పోయి పగలగొడతారులే" అంది.

పెళ్ళయి నంద్యాల పోతూ అక్క ఏడు నవలలూ నోటుబుక్కూ నాకే వదిలింది. నేను సోషల్ మాస్టరునై అదే ఇంట్లో ఉండిపోయాను. ఏడాదికొకసారి, దసరా సెలవుల్లో, ట్రంకుపెట్టె తెరిచి ఆ నోటుబుక్కు మాత్రం చదివేవాణ్ణి. ఇంగ్లీషు నవలలు తెరవలేదు. అవసరం అనిపించలేదు, కథలన్నీ అక్క గొంతుతో కంఠతా ఉన్నాయి కదా.

2008లో మామ కొడుకు అమెరికానుంచి వస్తూ నల్ల బ్రీఫ్‌కేసులాంటి పెట్టె ఒకటి తెచ్చాడు. తెరిస్తే ఆ 105 భాగాల డీవీడీలు. వాళ్ళ నాయన గోనెసంచి కథ వాళ్ళింట్లో కూడా చెప్పుకునేవాళ్ళట. సంక్రాంతికి అక్క వచ్చినప్పుడు అందరం కూర్చుని మొదటి డిస్కు వేశాం. సోలోగా రాబర్ట్ వాన్ సరిగ్గా మేమనుకున్నట్టే ఉన్నాడు. ఇల్యాగా డేవిడ్ మెకాలమ్ రాగానే అక్క ముందుకు వంగింది.

"వీడెవడు? ఇల్యాది నల్లజుట్టు కదా?"

నాకూ అదే అనుమానం. మేమెరిగిన ఇల్యా నల్లటి ఉంగరాల జుట్టు, చామనఛాయ, కొంచెం మా కాలేజీ తెలుగు లెక్చరరు పోలిక. ఈ తెరమీద మనిషి జుట్టు సున్నం కొట్టినట్టుంది. "టీవీవాళ్ళు మార్చేసి ఉంటారు" అన్నాను. "అంతే, వాళ్ళకేం తెలుసు" అంది అక్క. ఇద్దరం అమెరికావాళ్ళ అజ్ఞానానికి నొచ్చుకుని చూడడం కొనసాగించాం.

మరుసటేడు గాంధీ జయంతి రోజు వరద. కర్నూలువాళ్ళకు ఆ తేదీ చెప్పనక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెబుతున్నాను: 2009 అక్టోబరు 2. ఎగువన తుంగభద్ర, ఊరి పక్కన హంద్రీ, దిగువన 25 లక్షల క్యూసెక్కులు ముంచుకొచ్చి నిండిన శ్రీశైలం వెనకజలాలు, అన్నీ కలిసి ఊరి మీద పడ్డాయి. అమ్మను ఎత్తుకుని మిద్దె ఎక్కాం. అక్క కథలు చెప్పిన ఆ మిద్దె మీదే రెండు రాత్రుళ్ళు. కింద ఇంట్లో మంచాలు పైకప్పును కొట్టుకుంటున్న చప్పుడు వింటూ కూర్చున్నాం. నీళ్ళు తీశాక మోకాలిలోతు బురద. ట్రంకుపెట్టె దొరికింది. మూత తెరుచుకోలేదు, లోపల కాగితం ఉబ్బి బిగుసుకుపోయింది. గడ్డపారతో తెరిస్తే ఏడు నవలలూ కలిసి ఒకటే చింతపండు ముద్ద. నోటుబుక్కు అట్ట ఆకారం నిలిచింది గానీ సిరా మొత్తం కరిగిపోయి, ప్రతి పేజీ లేత నీలం. డీవీడీల బ్రీఫ్‌కేసు కుళ్ళిపోయింది, డిస్కులు మాత్రం కుళాయి కింద సబ్బుపెట్టి కడిగితే తళతళలాడాయి. ఇప్పటికీ ఆడుతున్నాయి. కాగితానికి లేని మొండితనం ఆ ప్లాస్టిక్‌కు ఉంది. ఆ రోజు నాకు దానిమీద ఒళ్ళుమండింది, ఎందుకో.

ఇల్లు కడుక్కోవడం, అమ్మ పోవడం, పిల్లల చదువులు. పన్నెండు పదమూడేళ్ళు ఎట్లా పోయాయో పోయాయి.

2022లో ఒక ఆదివారం హైదరాబాదులో పనిపడి, ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య నడుస్తున్నాను. గుట్టలోంచి ఒక మూల కనపడింది. ఆ అక్షరాల తీరే చెప్పింది. లాగితే డాగర్ అఫైర్. దాని కిందే మెక్‌డేనియల్ రాసిన ఇంకొకటి, రెయిన్‌బో అఫైర్. చెరి అరవై రూపాయలు. ముందు వెనక్కి తిప్పి చూశాను. చివరి పదహారు పేజీలు ఉన్నాయి.

కర్నూలు బస్సులో కిటికీ పక్క సీటు. మొదలుపెట్టాను. పన్నెండేళ్ళప్పుడు విన్న కథను యాభై అయిదేళ్ళప్పుడు మొట్టమొదటిసారి చదవడమంటే చిత్రంగానే ఉంది. పదో పేజీ దాటకముందే ఇల్యా జుట్టు వచ్చింది. బంగారు రంగు. ఇంకో చోట మళ్ళీ అదే. టీవీవాళ్ళు ఏమీ మార్చలేదు.

జడ్చర్ల దాటాక ఇంకో అనుమానం మొదలైంది. మా మిద్దె మీది కథలో, ప్రతి గండం గడిచాక, సోలో ఇల్యా దగ్గరికి వచ్చి అడిగే మాట ఒకటి ఉండేది: "తిన్నావా?" ఎంత కాల్పులు జరిగినా, ఎంత ఎత్తునుంచి దూకినా, దుమ్ము దులుపుకున్నాక మొదటి మాట అదే. ఇల్యా ఎప్పుడూ "తిన్నాను" అని అబద్ధం చెప్పేవాడు. అది అబద్ధమని సోలోకు తెలిసేది. ఇల్యాకు రష్యాలో తల్లి ఉండేది, ఆమె అల్లిన శాలువా వాడు పెట్టె అడుగున దాచుకునేవాడు. మా పక్కింటి పిల్ల ఆ శాలువా ఘట్టానికి ప్రతిసారీ ఏడ్చేది. పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పాను. వాళ్ళు తింటారు, తాగుతారు, వేళాకోళాలాడుకుంటారు, బాగానే ఉంటారు. కానీ ఆ మాట లేదు. తల్లి లేదు. శాలువా లేదు.

అలంపూర్ చౌరస్తా దగ్గర బస్సు ఆగినప్పుడు చివరి పదహారు పేజీలు పూర్తయ్యాయి. అసలు ముగింపు ఏమిటో చెప్పను, చదవాలనుకునేవాళ్ళు ఉంటారు. బాగానే ఉంది. జొన్నరొట్టె లేదు.

రెయిన్‌బో అఫైర్ ఇంటికి పోయాక చదివాను. ఇది 1967 నాటిది. మన ఇద్దరు ఏజెంట్లూ ఇంగ్లండు పోతారు. అక్కడ తేనెటీగలు పెంచుకునే బాగా ముసలాయన ఒకడు తగులుతాడు. పేరు చెప్పరు. చిన్నప్పుడు అక్క ఈ భాగాన్ని "ఎవరో తేనె తాత" అని రెండు ముక్కల్లో తేల్చేసింది. ఇప్పుడు చదువుతుంటే వీపు నిటారైంది. ససెక్స్‌లో తేనెటీగలు పెంచుకుంటూ విశ్రాంతి తీసుకునే ముసలాయన షెర్లాక్ హోమ్స్ కాక ఇంకెవరు? ఇట్లాగే పేర్లు లేకుండా ఇంకో అరడజనుమంది, ఒకరి తర్వాత ఒకరు, వచ్చి పోతుంటారు: అల్లికల ముసలామె, గొడుగు పట్టుకున్న దొర. మెక్‌డేనియల్ తనకు నచ్చిన పాత్రలందర్నీ దొంగచాటుగా విందుకు పిలిచాడు. టీవీలో థ్రష్ అనే పేరుకు అర్థం ఎప్పుడూ చెప్పలేదు. డాగర్ అఫైర్‌లో ఒక్కొక్క అక్షరాన్నీ విప్పి, అక్కర్లేని వాళ్ళను తొలగించి మానవజాతిని లొంగదీసుకునే ఏదో పెద్ద సాంకేతిక పెత్తనంగా తేల్చినవాడూ ఈయనే. అభిమానులు అది వేదంలా పట్టుకున్నారు. ఏస్ కంపెనీ అచ్చేసిన 23 నవలల్లో ఈయన రాసినవే మళ్ళీ చదివితే నిలిచేవి అని నా అభిప్రాయం. మిగతావి చాలావరకు రైల్లో చదివి సీటు మీద వదిలేసే సరుకు.

నా మేనకోడలు, అంటే అక్క కూతురు, బెంగళూరులో ఉద్యోగం. ఫోనులో ఈ తేనె తాత సంగతి చెబుతుంటే, "మామా, వాళ్ళిద్దరి మీద జనం ఇప్పటికీ కథలు రాస్తున్నారు తెలుసా?" అంది. ఉగాదికి వస్తూ కాగితాలు ప్రింటు తీసుకుని ఒక సంచిలో తెచ్చింది. మళ్ళీ సంచి, మళ్ళీ మామ. ఈసారి ఇచ్చేది మేనకోడలు, పుచ్చుకునేది మామ, అంతే తేడా.

వాటిని ఫ్యాన్ ఫిక్షన్ అంటారట. ధారావాహిక నడుస్తున్న రోజుల్లోనే మొదలైంది ఇది. తర్వాత దశాబ్దాలపాటు అభిమానులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, టైపు చేసి, సొంత డబ్బుతో అచ్చేసి, పిన్నులు కొట్టి, పోస్టులో ఒకరికొకరు పంపుకున్నారు. మెక్‌డేనియల్ ఈ వరసకు ముగింపుగా ఫైనల్ అఫైర్ అని ఒక నవల రాసి పెట్టుకున్నాడు. అది అచ్చుకాలేదు. 1977లో ఆయన పోయాడు. ఆ రాతప్రతి జిరాక్సుల మీద జిరాక్సులై అభిమానుల చేతుల్లో తిరిగిందని తెలిసినప్పుడు నాకు మా చిరిగిన పదహారు పేజీలు గుర్తొచ్చాయి. మాకు ఒక పుస్తకానికే చివర లేదు, వాళ్ళకు వరసకే లేదు. 1983లో టీవీలో ఒక సినిమా తీసి పదిహేనేళ్ళ తర్వాత ఇద్దర్నీ కలిపారు. అందులో ఇల్యా గూఢచర్యం మానేసి ఫ్యాషన్ బట్టలు తయారుచేస్తుంటాడు. "దర్జీ అంగట్లో అన్నేండ్లు తిరిగితే ఏమవుతాడు మరి" అంది అక్క. 2015లో కొత్త నటులతో సినిమా వచ్చాక కొత్త తరం పిల్లలు కూడా రాయడం మొదలుపెట్టారు.

సంచిలోవి నలభై కథల పైనే. నిజం చెప్పాలంటే సగం నాసిరకం. ఒకరు గాయపడటం, ఇంకొకరు పక్కన కూర్చుని తడిగుడ్డ వేయడం, పదిహేను పేజీల జ్వరం. కొన్నిట్లో ఇద్దరి మధ్య ఉన్నది స్నేహం కాదు, ప్రేమే. "అవి పక్కన పెట్టినా మామా, చదవకు" అంది మేనకోడలు తల దించుకుని. పక్కన పెట్టినవే ముందు చదువుతాం కదా ఎవరమైనా. చదివాను. వాటిల్లో ఒకటి అన్నిటికంటే శ్రద్ధగా రాసింది.

నాకు నచ్చినది మాత్రం ఒక దర్జీ కథ. డెల్ ఫ్లోరియా అంగట్లో ఇస్త్రీ యంత్రం నొక్కే మనిషే చెబుతాడు. లోపలికి పోయేవాళ్ళను, బయటికి వచ్చేవాళ్ళను లెక్కపెట్టుకుంటాడు. పోయినవాడు తిరిగి రాకపోతే కోటు అక్కడే కొక్కేనికి వేలాడుతుంది. ఎన్నాళ్ళుంచాలో ఆయనకు ఎవరూ చెప్పరు. సోలో కోట్లకు పడిన తూటా చిల్లులు బయటికి కనపడకుండా రఫూ చేస్తాడు. ఒక రాత్రి ఇల్యా తడిసి ముద్దై వస్తాడు. దర్జీ తన టిఫిన్ డబ్బా మూత తీసి ముందుకు జరుపుతాడు. "తిన్నావా?" అంటాడు. ఇల్యా "తిన్నాను" అంటాడు.

కాగితం పక్కన పెట్టేశాను. రాసినామె ఏ దేశంలో ఉందో, ఏ మిద్దె మీద పెరిగిందో. ఆ రాత్రే అక్కకు ఫోను చేశాను.

"అక్కా, డాగర్ అఫైర్ మళ్ళీ చదివినా. అందులో సోలో తిన్నావా అని యాడా అడగడు."

"అడుగుతాడు."

"లేదక్కా. పుస్తకం నా చేతిలోనే ఉంది. ఇల్యా తల్లి లేదు, శాలువా లేదు, నల్లజుట్టు లేదు. అన్నీ నువ్వు కల్పించి చెప్తివి."

కొంచెంసేపు నిశ్శబ్దం. టీవీ సీరియల్ చప్పుడు వినపడుతోంది వెనక.

"ఉండాది. నువ్వు సరిగ్గా చదివుండవు. ఇంగ్లీషు పుస్తకంలో అన్నీ బయటికి రాస్తారా?" అంది. తర్వాత గొంతు పెంచి, "కల్పించినానంట! తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తారే, వాళ్ళు ఏ రామాయణంలో ఉండారు? వాళ్ళు రాకపోతే తెల్లారేదాకా కూర్చుంటివా నువ్వు?"

కూర్చునేవాణ్ణి కాదు. అహోబిలం సంగతి కూడా అంతే కదా అనిపించింది. హిరణ్యకశిపుణ్ణి చంపడంతో పురాణం పని అయిపోతుంది. అంత కోపంగా ఉన్న దేవుడు ఆ అడవిలో ఒక్కడే ఏం చేస్తాడు అన్నది చెంచుల దిగులు. మా పిల్లనిచ్చి చేశామన్నారు. ఇప్పటికీ సంక్రాంతి అయ్యాక ఆయన పల్లకీ ఎక్కి పార్వేటకు బయల్దేరి, చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి తన పెళ్ళికి తానే పిలుస్తాడు. ఇది అక్కతో అనలేదు, అంటే వాదనలో ఆమె గెలిచినట్టవుతుంది.

2023 సెప్టెంబరులో మెకాలమ్ పోయాడు, తొంభై ఏళ్ళు. ఫోను చేసి చెప్పాను. "ఆ తెల్లజుట్టాయనా? పాపం" అంది. కాసేపాగి, "మన ఇల్యా కాదులే" అంది.

పోయినేడు అక్కకు కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నెలపాటు చదవడం, టీవీ వద్దన్నారు. నేను నంద్యాల పోయి వారం ఉన్నాను. సాయంత్రాలు మిద్దె మీద కుర్చీలు వేసుకుని, దర్జీ కథ కాగితాలు తీశాను. ఒక పేజీ మౌనంగా చదువుకోవడం, బోర్లించి తెలుగులో చెప్పడం. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కాళ్ళు చాపుకుని అక్క వింటోంది. కోటు కొక్కెం దగ్గర నవ్వింది. టిఫిన్ డబ్బా దగ్గరికి వచ్చాను. దర్జీ మూత తీశాడు. డబ్బాలో ఏముందో ఆ కథ రాసినామె రాయలేదు.

"మూత తీసి చూస్తే జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం" అన్నాను.

అక్క కుర్చీలో కదిలింది.

"అది వాళ్ళు రాసినారా, నువ్వు చెప్తాన్నావా?"

"రాసినారక్కా. ఉండాది ఇందులోనే."

నల్లకళ్ళద్దాలు నావైపు తిప్పి కొంచెంసేపు అట్లాగే ఉంది.

"సరే, చదువు" అంది.